బాస్కెట్‌బాల్ జీఎం: 240 నిమిషాలు పంచడం నేర్పే ఉచిత గేమ్

బ్రౌజర్‌లో ఆడుకునే ఈ జనరల్ మేనేజర్ (జీఎం) గేమ్‌లో బంతి ఎగరదు, బూట్లు కీచుమనవు. తెర నిండా అంకెలే. అయినా ఎవరిని ఎంతసేపు ఆడించాలన్న ఒక్క ప్రశ్న మీద గంటల తరబడి కూర్చోబెట్టేస్తుంది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. ప్రకటనలు వస్తాయి, అవి వద్దనుకున్నవాళ్లే చందా కట్టాలి.

జీతాలు, ట్రేడ్‌లు (ఆటగాళ్ల మార్పిడి), డ్రాఫ్ట్ (కొత్తవాళ్ల ఎంపిక) అన్నీ బాగానే ఉన్నాయి కానీ వాటి జోలికి పోవడం లేదు. గెలుపు, గాయాలు, కుర్రాళ్ల ఎదుగుదల... ఈ మూడింటికీ మధ్య నిమిషాల లెక్కని గేమ్ ఎంత సరిగ్గా చూపిస్తుందన్నదే ఇక్కడ పరీక్ష.

ముందు లెక్క. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో జట్టుకి ఐదుగురు, అంటే పంచాల్సింది 240. స్టార్టర్లకి (మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురికి) తలా 34 ఇస్తే 170 అక్కడే అయిపోతాయి. మిగిలిన 70ని నలుగురికి పంచితే ఒక్కొక్కరికి పదిహేడున్నర. పదో ఆటగాడి విస్తట్లో ఏమీ మిగలదు. జట్టులో ఉండేది 15 మంది! కోచ్ మీద విసుక్కునే అభిమాని ఎవరైనా ఈ కూడికలు ఒక్కసారి వేసి చూస్తే సగం కోపం చల్లారుతుంది.

రోస్టర్ (జట్టు జాబితా) పేజీలో రెండు మీటలుంటాయి. ఒకటి వరుస: పేరు పట్టుకుని పైకీ కిందికీ లాగితే స్టార్టర్లు మారతారు. రెండోది పీటీ (ప్లేయింగ్ టైమ్, అంటే ఆడే సమయం) గడి: సున్నా, మైనస్, ఖాళీ, ప్లస్, రెండు ప్లస్‌లు. కొత్తవాళ్లు పొరబడేది ఈ గడి దగ్గరే. ప్లస్ అంటే ఇన్ని నిమిషాలని కాదు. మార్పులు చేసేటప్పుడు గేమ్ ఆటగాడి సత్తానీ, ఆ క్షణానికి ఒంట్లో మిగిలిన ఓపికనీ కలిపి తూస్తుంది. ప్లస్ పెడితే ఆ తూకంలో అతని వైపు కాస్త మొగ్గు వస్తుంది, అంతే. ఎండ్యూరెన్స్ (అలసటని తట్టుకునే రేటింగు) తక్కువున్న స్టార్‌కి రెండు ప్లస్‌లు తగిలిస్తే నిమిషాలు పెరుగుతాయి, అలసటా పెరుగుతుంది, దాంతో అతని ఆట పదును తగ్గుతుంది. ఐదుగురు స్టార్టర్లకీ రెండేసి ప్లస్‌లు పెట్టడం ఇంకా పెద్ద తప్పు. వాళ్లలో వాళ్లకి తేడా ఏమీ రాదు, బెంచీకి మాత్రం కోత పడుతుంది, చివరికి అందరూ ఒకేసారి ఆయాసపడతారు.

మా సలహా: మొదటి పది మ్యాచ్‌లు ఏ గడీ ముట్టుకోకుండా వదిలేసి, ఆ తర్వాత సగటు నిమిషాల కాలమ్ చూడండి. 35 దాటినవాడి ఎండ్యూరెన్స్ తక్కువగా ఉంటే మైనస్ పెట్టండి. తొమ్మిది, పది స్థానాల్లో ఉన్నవాళ్లలో ఒకరికి మాత్రమే ప్లస్ ఇవ్వండి. ఇంకో పది మ్యాచ్‌లయ్యాక మళ్లీ చూడండి. రోజూ కెలికితే ఏ మార్పు వల్ల ఏమైందో తెలియకుండా పోతుంది.

గాయాల భాగం బాగా కుదిరింది. కోర్టులో ఉన్న ప్రతి పొసెషన్‌కీ (ఒక జట్టు చేతిలో బంతి ఉండే ఒక్కో విడతకీ) చిన్న ప్రమాదం ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు ఆడినవాడికే ఎక్కువ ముప్పు. పెద్ద గాయం తగిలితే వాడు కొన్ని నెలలు బయట కూర్చోవడంతో సరిపోదు, వేగం, ఎగిరే శక్తి లాంటి రేటింగులు కూడా పడిపోవచ్చు. నిజం ఎన్‌బీఏలో, 2012 ప్లేఆఫ్స్ (లీగ్ దశ తర్వాతి నాకౌట్ దశ) మొదటి మ్యాచ్‌లో షికాగో జట్టు 12 పాయింట్ల ఆధిక్యంలో ఉంది, గడియారంలో నిమిషంన్నర కూడా లేదు. అప్పటికీ కోర్టులోనే ఉన్న షికాగో స్టార్ డెరిక్ రోజ్ మోకాలి లిగమెంట్ తెగింది. అతన్ని ఇంకా ఎందుకు ఆడించారన్న వాదన ఈనాటికీ తెగలేదు. చిన్న గాయంతోనే ఆడించాలా వద్దా అన్నదానికి గేమ్‌లో విడిగా స్లైడర్ ఉంది, లీగ్ దశకి ఒకటి, ప్లేఆఫ్స్‌కి ఒకటి. లీగ్ దశలో పూర్తిగా కిందికి దించి, ప్లేఆఫ్స్‌లో మాత్రం కాస్త పైకి జరపడం మేలు.

లోపం ఎక్కడంటే, నిన్నటి అలసట ఈరోజుకి రాదు. ప్రతి మ్యాచ్‌కీ అందరూ తాజాగా దిగుతారు. వరుసగా రెండు రాత్రులు ఆడాల్సి రావడం, మధ్యలో విమాన ప్రయాణం, ఇవేవీ లెక్కలోకి రావు. 2018–19లో టొరంటో జట్టు తన స్టార్ కవాయ్ లెనార్డ్‌ని 82 మ్యాచ్‌లలో 60కే దించి, ఆ ఏడు టైటిల్ గెలిచింది. అదే పని గేమ్‌లో చేస్తే అతనికి ఆ రాత్రి ముప్పు తప్పుతుంది కానీ మర్నాటికి కొత్త ఓపిక రాదు. స్టార్లని కూర్చోబెట్టినందుకు జరిమానా కూడా ఉండదు. నిజంలో 2012 నవంబర్‌లో మయామీతో మ్యాచ్‌కి ముందు తన ముఖ్య ఆటగాళ్లు డంకన్, పార్కర్, జినోబిలీ, గ్రీన్‌లని ఇంటికి పంపినందుకు శాన్ ఆంటోనియో జట్టు మీద 2,50,000 డాలర్ల జరిమానా పడింది. గేమ్‌లో జట్టు ఓనర్ చూసేది గెలుపులు, ప్లేఆఫ్స్, డబ్బు, ఈ మూడే.

ఎదుగుదల సంగతి ఇంకా విచిత్రం. 19 ఏళ్ల కుర్రాణ్ని 30 నిమిషాలు ఆడించినా, సీజనంతా బెంచీ మీద కూర్చోబెట్టినా ఒకటే! రేటింగులు సీజన్ అయ్యాక మారతాయి. వాటిని నడిపించేవి వయసు, అదృష్టం, కోచింగ్ మీద పెట్టే ఖర్చు. కాబట్టి గేమ్‌లో తెలివైన పని కుర్రాణ్ని పక్కన పెట్టి పెద్దవాళ్లతో గెలవడమే. ఒక్క మినహాయింపు: కీర్తి మీద మోజున్న ఆటగాళ్లుంటారు, వాళ్లకి నిమిషాలు తగ్గితే అలిగి మళ్లీ ఒప్పందం మీద సంతకం చేయకపోవచ్చు. స్కూలు జట్టుకో జిల్లా జట్టుకో కోచింగ్ ఇచ్చేవాళ్లు ఈ ఒక్క పాఠాన్నీ గేమ్‌లోనే వదిలేసి రావాలి. ఒత్తిడిలో బంతి పట్టుకోవడం పిల్లలకి బెంచీ మీద కూర్చుంటే రాదు.

మన దగ్గర ఆడేది అంతర్జాతీయ నిబంధనలతో కాబట్టి కొత్త లీగ్ పెట్టేటప్పుడు క్వార్టర్ (మ్యాచ్‌లో పావు వంతు) 10 నిమిషాలకి, ఫౌళ్ల పరిమితి ఐదుకి మార్చుకోండి. అప్పుడు పంచాల్సింది 200 నిమిషాలే. ఎనిమిదో ఆటగాడి దగ్గరే లెక్క బిగుసుకుపోతుంది, మన కోచ్‌ల అవస్థ అచ్చంగా అదే. అసలు ఆటగాళ్లతో పాత సీజన్లు కూడా ఆడొచ్చు. 2014 తీసుకుని శాన్ ఆంటోనియో ఎంచుకోండి. ఆ జట్టులో ఎవరి సగటూ 30 నిమిషాలు చేరలేదు, అయినా టైటిల్ గెలిచారు. మైనస్‌లు, ప్లస్‌లతో ఆ పంపకం మీరూ తెచ్చి, ఎన్ని గెలుస్తారో చూడండి.

లీగ్ మొత్తం మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉంటుంది, సర్వర్‌లో కాదు. సిగ్నల్ లేకపోయినా ఆడొచ్చు, కానీ బ్రౌజర్ డేటా తుడిచేస్తే పదేళ్ల జట్టూ పోతుంది. సీజన్‌కోసారి టూల్స్‌లోకి వెళ్లి ఎక్స్‌పోర్ట్ చేసి ఫైలు దాచుకోండి.