బెర్లిన్ వెళ్లే మన గుంటూరు పిల్లలకు: డాయిచ్‌లాండ్ టికెట్ కొనొచ్చా?

ఇది జర్మనీ అంతటా చెల్లే నెలవారీ ప్రయాణ పాస్. కొనొచ్చు, కానీ ముందు యూనివర్సిటీ ఫీజులోనే ఇది కలిసి ఉందేమో చూసుకోండి. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి నెలకు 63. సిటీ బస్సు, ట్రామ్, మెట్రోతోపాటు దేశమంతటా ప్రాంతీయ రైళ్లు ఎక్కొచ్చు, అంటే మన తెనాలి ప్యాసింజరు లాంటివి. బెర్లిన్‌లో గది దొరక్క పక్క ఊరు పాట్స్‌డామ్‌లో దిగినా రోజూ దీంతోనే తిరగొచ్చు. అసలు లాభం అక్కడే. దూరప్రాంతాలకు వెళ్లే ఐసీఈ, ఐసీ ఎక్స్‌ప్రెస్ రైళ్లలో మాత్రం చెల్లదు. టికెట్ లేకుండా పట్టుబడితే 60 యూరోల జరిమానా.

చిక్కంతా రద్దు దగ్గరే. ఇది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బూ ఖాతాలోంచి పోతుంది. సంక్రాంతికి ఇంటికొచ్చేవాళ్లు డిసెంబరు 10 లోపే ఆ పని చేసుకోవాలి. పేరు మీద ఇచ్చే టికెట్ కాబట్టి రూమ్మేట్‌కు ఇవ్వడం కుదరదు.