లామినేషన్ చేయని స్కానింగ్ షాపు (హన్మకొండ)

బాపు పోయాక ఇనుప సందుగ నా వంతుకొచ్చింది. ములుగు వైపు మాది పశువులు మేపుకున్న కుటుంబం. అడవిలో మేపినందుకు కట్టిన పుల్లరి రసీదులు, ఎడ్లు అమ్మిన చిట్టీలు, నిజాం కాలపు ఉర్దూ కాగితాలు, 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు) నకలు, అన్నీ గుడ్డమూటల్లోనే ఉన్నాయి.

ఇంతకుముందు వేరే షాపులో ఒక దస్తావేజు ఇస్తే, అడగకుండానే లామినేషన్ చేసిచ్చారు. వేడికి అంటుకున్న ప్లాస్టిక్ ఇక ఊడదు. చిరుగు, మడత అట్లాగే బిగుసుకుపోయాయి. అందుకే ఈసారి భయంభయంగానే వెళ్లాను.

హన్మకొండ షాపు పిల్లగాడు మొదట అన్న మాట: "మూటలు విప్పి కలపకుర్రి సార్, ఏ మూట ఆ మూటే ఉండనియ్యిర్రి." నేను అప్పటికే రకం వారీగా పేర్చుదామని కూర్చున్నా! ఆ మాట విలువ మూడో మూటలో తెలిసింది. రెండు ఎడ్లు అమ్మిన చిట్టీ, దాని కిందే బియ్యం, బట్టల లెక్క, దాని కింద పెళ్లిపిలుపు కార్డు. పెద్దత్త పెళ్లికి ఆ జత ఎడ్లు అమ్మారన్నమాట. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పేర్చి ఉంటే మూడూ మూడు చోట్లకు పోయేవి.

తుప్పుపట్టిన గుండుసూదులు ఒక్కొక్కటే వదులు చేసి తీశాడు. చిరుగులకు సెల్లోటేపు వాడనే లేదు. మిషన్‌లోకి తోయకుండా పైనుంచి కెమెరాతో ఫోటోలు తీసి, ఆమ్లం లేని (కాగితాన్ని పాడుచేయని) కవర్లలో పెట్టి, ప్రతి కవరు మీద పెన్సిల్‌తో మూట నంబరు రాశాడు. పేజీకి 6 రూపాయలు, కవర్ల ఖర్చు వేరే. తక్కువేం కాదు కానీ నాకు బాధ లేదు.

లోపం లేదని కాదు. వారం అన్నవాళ్లు పదిహేడు రోజులు తీసుకున్నారు. పైగా "1352" అని ఉన్న కాగితాల ఫోల్డర్లకు "1352 సంవత్సరం" అని పేరు పెట్టారు. అది ఫసలీ లెక్క (నిజాం కాలంలో శిస్తు కాగితాల మీద వాడిన సంవత్సరం), 590 కలిపితే 1942 వస్తుంది. వాళ్లు పెట్టిన పేరు చూస్తే, కాకతీయులు పోయిన కొద్దికాలానికే మా తాత పుల్లరి కట్టినట్టయింది! ఉర్దూ కాగితాలు చదివేవాళ్లు షాపులో లేరు, "తెలియదు" అని పెట్టేశారు. మా వీధిలో రిటైరైన ఉర్దూ పంతులు సాబ్ రెండు సాయంత్రాలు కూర్చుని చదివిపెట్టారు, చాయ్ తప్ప ఏమీ తీసుకోలేదు.

ఇంకో సందుగ ఊళ్లో మా తమ్ముడి దగ్గరుంది. అదీ ఇక్కడే ఇస్తా, ఫసలీ పట్టిక మాత్రం ముందే రాసిచ్చి.