పదును మీటర్ కొంటున్నారా? ముందు కొత్త బ్లేడుతో చూసుకోండి

ఇంట్లో కత్తులు నూరుకునేవాళ్లు, ముఖ్యంగా ఆన్‌లైన్‌లో పదును కొలిచే మీటర్‌కి ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. నాకు 2,400 రూపాయలు పోయాయి. అంతకన్నా బాధ ఏమిటంటే, పదేళ్లుగా చేతికి అలవాటైన కత్తి పాడైపోయింది.

మాది కావలి. చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నాం. రోజూ ఉల్లిపాయలే పది కిలోలు తరగాలి. కత్తి మొద్దుబారితే మధ్యాహ్నానికి మణికట్టు లాగేస్తుంది. గట్టిగా నొక్కాల్సి వస్తుంది కాబట్టి జారి వేళ్లు తెగేది కూడా మొద్దు కత్తితోనే. అందుకని 400, 1000, 3000 నంబర్ల సానరాళ్లు (నంబరు తక్కువైతే రాయి గరుకు) తెప్పించుకుని నూరడం నేర్చుకున్నాను. కానీ నూరిన ప్రతిసారీ ఒకటే సందేహం: నిన్నటికన్నా ఈ రోజు పదును పెరిగిందా, నాకు అలా అనిపిస్తోందా? ఆ సందేహం తీరుతుందనే మీటర్ కొన్నాను.

మీటర్ అంటే ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా. దాని మీద రెండు క్లిప్పుల మధ్య సన్నటి దారం బిగించి ఉంటుంది. కత్తి అంచును దారం మీద ఆనించి మెల్లగా నొక్కితే, దారం తెగే క్షణానికి ఎన్ని గ్రాముల బలం పడిందో చూపిస్తుంది. అంకె ఎంత తక్కువైతే అంత పదును. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. బెస్ అనే స్కేలు సరిగ్గా ఇదే: కొత్త షేవింగ్ బ్లేడు 50 దగ్గర ఉంటుంది, మంచి కొత్త వంటింటి కత్తి సుమారు 250 నుంచి 350 మధ్య ఉంటుంది. అయితే ఆ అంకెలకు విలువ ఉండాలంటే దారం ప్రతిసారీ ఒకే మందంలో, ఒకే బిగువులో ఉండాలి. నాకు వచ్చినదాంట్లో ఆ రెండూ లేవు.

మొదటి రోజు 310 చూపింది. సంతోషపడ్డాను. మర్నాడు పొద్దున 480. ఒక్కరోజులో అంత మొద్దుబారిందా అని మళ్లీ 400 రాయి మీద పెట్టాను. 290 వచ్చింది. సాయంత్రానికి 520. ఇలా రెండు వారాలు. అంకె పెరిగినప్పుడల్లా గరుకు రాయి తీయడం, అరగదీయడం. ఒకరోజు బీరకాయలు తరుగుతుంటే ముక్కలు విడిపోకుండా కింద సన్నగా అతుక్కుని దండలాగా లేచి వస్తున్నాయి. కత్తిని బల్ల మీద నిలబెట్టి వెనక లైటు పెట్టి చూస్తే, పిడికి దగ్గరలో అంచు కింద నుంచి వెలుతురు కనబడింది. అరగదీసీ అరగదీసీ అక్కడ గుంట పడింది. నెల్లూరు చిన్న బజారులో సాన పట్టే పెద్దాయనకు చూపిస్తే, "ఇక్కడ గుంట పడిందమ్మా, నువ్వు ఎన్నాళ్లు నూరినా బల్లకు తగలదు" అన్నారు. ఆయన అంచంతా సమం చేయడానికి ఇంకో రెండు మిల్లీమీటర్లు తీయాల్సి వచ్చింది.

అప్పుడు గానీ మీటర్ మీద అనుమానం రాలేదు. మా ఆయన తెచ్చుకున్న షేవింగ్ బ్లేడ్ల ప్యాకెట్‌లోంచి కొత్తది ఒకటి తీసి పదిసార్లు కొలిచాను, ప్రతిసారీ అంచు మీద కొత్త చోట. 60, 140, 95, 210, 70... ఒకే బ్లేడుకి! పది ఇరవై గ్రాముల తేడా అయితే సర్దుకోవచ్చు గానీ ఇదేం కొలత?

కాటా తప్పేమో అని అది కూడా చూశాను. చిన్న గిన్నె పెట్టి సున్నా చేసి, సిరంజితో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే సరిగ్గా 50 గ్రాములే చూపింది. అంటే కాటా బాగానే ఉంది. క్లిప్పు దగ్గర చూస్తే అసలు సంగతి తెలిసింది. ఒకసారి నొక్కగానే దారం క్లిప్పులోంచి జారి వదులైపోతోంది. వేలితో మీటితే ఒకసారి టంగుమంటుంది, ఇంకోసారి చప్పుడే ఉండదు. వదులు దారం కత్తితోపాటే కిందికి సాగుతుంది కాబట్టి అంకె పెరిగిపోతుంది. దారం కూడా గాలానికి కట్టే మామూలు నైలాన్ లాంటిది, ఒకచోట సన్నం, ఒకచోట లావు. ఇంకొకటి: ఇలాంటి చవక కాటాలు అంకెను నిదానంగా మారుస్తాయి. దారం తెగేది రెప్పపాటులో. చెయ్యి కాస్త వేగంగా నొక్కితే అసలు అంకె దానికి దొరకనే దొరకదు.

ప్రకటనలో 'అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం' అని ఐఎస్ఓ 8442-5 నంబరు వేశారు. తర్వాత చదివితే తెలిసింది, ఆ పరీక్షలో దారమే ఉండదు. సిలికా కలిపిన అట్టల కట్టను కత్తితో కోయించి, ఎంత లోతు దిగిందో కొలుస్తారు. దానికి పెద్ద యంత్రం కావాలి. సంబంధం లేని నంబరు తెచ్చి అతికించడం మోసమే.

వాపసు అడిగితే 'రీప్లేస్‌మెంట్ మాత్రమే' అన్నారు. రెండోది కూడా అచ్చం అలాంటిదే వచ్చింది. ఈలోపు గడువు దాటింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు. కాబట్టి కొనేముందే డబ్బు వాపసు ఇస్తారా, వస్తువు మారుస్తారా అన్నది చూసుకోండి. ఏ దారం ఇస్తున్నారు, అదే దారం విడిగా దొరుకుతుందా అని అడగండి. జవాబు చెప్పకపోతే కొనకండి.

మంచి మీటర్ ఉన్నా ఒక్క అంకె చూసి నమ్మకండి. నూరాక అంచుకి ఒక పక్క కంటికి ఆనని రేకు లేస్తుంది. అది ఉండగా కొలిస్తే అంకె బాగానే రావచ్చు, నాలుగు ఉల్లిపాయలు కోసేసరికి రేకు మడతపడి కత్తి మళ్లీ మొద్దు. కత్తి వెన్ను వైపు నుంచి అంచు బయటికి బొటనవేలిని మెల్లగా జరిపితే గరుగ్గా తగిలేది అదే. (అంచు పొడవునా మాత్రం వేలు జరపకండి.) 3000 రాయి మీద చెయ్యి తేలిక చేసి అటొకసారి ఇటొకసారి తీస్తే పోతుంది.

ఇప్పుడు నేను ట్యూబులైటు కింద కత్తి అంచును పైకి పెట్టి చూస్తున్నాను. మొద్దుబారిన చోట తెల్లటి మెరుపు కనిపిస్తుంది, పదునున్న చోట ఏమీ కనిపించదు. తర్వాత న్యూస్ పేపరు కోసి ఎక్కడ పట్టుకుంటుందో గుర్తుపెట్టుకుని, అక్కడే నూరుతున్నాను, కత్తంతా కాదు. నిలువెల్లా అరగదీసే పని తప్పింది.

ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి. కత్తి జోలికి పోకుండా ముందు కొత్త బ్లేడుతో పదిసార్లు కొలిచి, ఆ అంకెలు కూడా వీడియోలో పడేలా చూసుకోండి. తేడా వస్తే ఆ రోజే వాపసు పెట్టండి. ఆలస్యం చేస్తే నాకులాగే గడువు దాటిపోతుంది.