పోచంపల్లి చీరల ప్రచారానికి ఏది మేలు: ఇన్‌స్టాగ్రామా, గూగులా, వాట్సాపా?

దసరా దగ్గర పడుతున్నకొద్దీ చేనేత చీరలు అమ్మే మిత్రులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఇంటర్నెట్ ప్రచారానికి నెలకు 10,000 రూపాయలు తీసి పక్కన పెట్టగలిగితే, ఆ డబ్బును ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు పెట్టాలా, గూగుల్‌కు పెట్టాలా, లేక అమెజాన్ వంటి చోట సరుకు పెట్టి ఊరుకోవాలా? మా కుటుంబం భూదాన్ పోచంపల్లిలో నేయించిన చీరలు అమ్ముతుంది కనుక ఈ ఏడాది మేమూ దీన్ని తేల్చుకోవలసి వచ్చింది. అసలు ప్రచారం అవసరమా అన్న చర్చ ఇక్కడ చేయను. ఊరికి వచ్చి కొనేవాళ్లను మాత్రమే నమ్ముకుంటే మగ్గాలు నడవవని మాకందరికీ తెలుసు.

చీర కంటికి నచ్చాకే చేతికి వచ్చే వస్తువు. అందుకే కొత్తవాళ్ల కంటపడటానికి ఇన్‌స్టాగ్రామ్‌ను మించినది లేదు. ఎవరూ వెతకకముందే మన చీరను వాళ్ల ముందు పెడుతుంది. ఏ ఊరివాళ్లకు, ఏ వయసువాళ్లకు చూపించాలో మనమే ఎంచుకోవచ్చు. అయితే మనం అక్కడ కట్టేది చాలావరకు చూపించినందుకే తప్ప అమ్మిపెట్టినందుకు కాదు. దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. నమోదు ఉన్న వ్యాపారి దాన్ని సర్దుబాటు చేసుకోగలడు గానీ, నమోదు లేని చిన్న నేత కుటుంబానికి అది పోయిన డబ్బే. ప్రకటన ఆపిన మర్నాటినుంచి కొత్తవాళ్ల రాక పలచబడుతుంది. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది మరొకటి: మన చీర కనిపించిన ఆ తెరమీదే, ఇంకొంచెం కిందికి జరిపితే, అదే డిజైన్ అచ్చువేసిన చీర నాలుగో వంతు ధరకు కనిపిస్తుంది. ఫొటోలో రెండింటికీ తేడా తెలియదు.

గూగుల్ దారి వేరు. ‘పోచంపల్లి పట్టు చీరలు’ అని వెతికే మనిషి అప్పటికే కొనాలన్న ఉద్దేశంతో ఉంటారు కాబట్టి, అక్కడినుంచి వచ్చే ఒక్కో విచారణకు విలువ ఎక్కువ. కానీ గూగుల్ ప్రకటనల్లో స్థానం వేలంపాట మీద నడుస్తుంది. అవే మాటలకోసం నగరాల్లోని పెద్ద దుకాణాలు కూడా పాడుతుంటే, నెలకు 10,000 పెట్టేవాళ్లం వాళ్లతో ఎంతసేపు నిలబడగలం? అయితే మ్యాప్స్‌లో కనిపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. దుకాణం ఉన్నవాళ్లు దాన్ని నిర్లక్ష్యం చేయడం నాకు అర్థం కాని విషయం. ఆదివారం హైదరాబాదు నుంచి కారులో వచ్చే కుటుంబం దారి చూసుకునేది అందులోనే. వేళలు, ఫొటోలు, ఫోను నంబరు సరిగా ఉంటే చాలు.

అమెజాన్ వంటి మార్కెట్‌ప్లేస్‌ల గురించి క్లుప్తంగానే చెబుతాను. కమిషన్ భరించవచ్చు. తిరిగి వచ్చే సరుకును, మడత నలిగిన పట్టు చీరను భరించడం కష్టం. పైగా కొన్నవారితో తర్వాత మనం నేరుగా మాట్లాడే దారి ఉండదు. సొంత వెబ్‌సైటు మంచిదే గానీ, అక్కడికి మనుషులను తీసుకురావడానికి మళ్లీ ప్రకటనలే కావాలి.

ఇక నేను నిర్ణాయకమని నమ్మేది ఈ మాధ్యమాల్లో ఏదీ కాదు, కొన్న మనిషి నంబరు ఎవరి దగ్గర ఉందన్నదే. మొన్న శ్రావణంలో విశాఖపట్నం నుంచి ఒకావిడ వీడియో కాల్ చేసి, ‘ఒకసారి చీర తిప్పి చూపిస్తారా అండీ?’ అని అడిగారు. మా వదిన కొంగు విప్పి, కిటికీ వెలుగులోకి తెచ్చి, వెనకవైపు చూపించింది. పోచంపల్లి చీరల నేత పద్ధతి అయిన ఇక్కత్‌లో నేయకముందే పోగులకు ముళ్లు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి డిజైన్ రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, డిజైన్ గీతల అంచుల దగ్గర రంగు కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. అచ్చువేసిన బట్టకు వెనకవైపు వెలిసిపోయినట్టు ఉంటుంది. ఆవిడ రెండు నిమిషాలు చూసి, ధర గురించి ఇంకేమీ అడగకుండా చిరునామా పంపారు. పది రోజుల తర్వాత వాళ్ల చెల్లెలు ఫోను చేశారు. ఈ రెండో చీరకు మాకు ప్రచారం ఖర్చు పైసా లేదు. మొదటి చీర అమ్మడానికి ప్రకటనకు 500 అయిందనుకున్నా, రెండోది కలిపితే చీరకు 250 పడుతుంది. చీరల వ్యాపారంలో లాభం మిగిలేది అక్కడే.

అందుకే నా మొగ్గు వాట్సాప్ బిజినెస్ వైపు. యాప్ ఉచితం, కేటలాగ్‌లో చీరలు ధరలతో సహా పెట్టుకోవచ్చు, పండగకు ముందు బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు, అంటే ఒకే కబురు ఒకేసారి చాలామందికి విడివిడిగా వెళ్లే జాబితాకు, కొత్త సరుకు ఫొటోలు పంపవచ్చు. ఒక్కో లిస్టులో 256 మందికే వెళ్తుందని, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుందని చాలామంది దీన్ని లోపంగా చెబుతారు. నాకది మేలుగానే తోస్తుంది, ఎందుకంటే మన నంబరు దాచుకున్న మనిషి మన కబురు కోరుకున్న మనిషి. అయితే ఇది కొత్తవాళ్లను వెతికి తీసుకురాలేదు. ఇది కూడా ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా చేతిలోనిదే. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి గంటల తరబడి ఆగిపోయాయి. 2020 జూన్ చివర టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు లక్షల మంది అనుచరులను కూడగట్టుకున్నవాళ్లు ఒక్క రాత్రిలో వాళ్లకు దూరమయ్యారు. అందువల్ల మేము ప్రతి కొనుగోలుదారు పేరు, నంబరు, కొన్న చీర రంగు దుకాణం పుస్తకంలో కూడా రాస్తున్నాము. కబుర్లు పంపవచ్చా అని ముందే అడుగుతున్నాము.

మా 10,000 లో 7,000 ఇన్‌స్టాగ్రామ్‌కు వెళ్తోంది, కానీ ఆ ప్రకటన నొక్కితే తెరుచుకునేది మా వాట్సాప్ సంభాషణే. గూగుల్ ప్రకటనలకు ఏమీ పెట్టడం లేదు, ప్రొఫైల్ మాత్రం వారానికోసారి సరిచూస్తున్నాము. మిగిలిన 3,000 తో ఫొటోలు తీయిస్తున్నాము. ఈ దసరాకు ప్రతి చీరకూ తప్పకుండా ఒక ఫొటో వెనకవైపుది.