కుర్ర స్లెడ్ కుక్కలు: పెద్దవాటి పక్కన కట్టాలా, వాటికే విడిగా జట్టు కట్టాలా?

ఆరు నెలలు దాటాక స్లెడ్ (మంచు మీద జారే బండి) లాగే జాతి కుక్కపిల్లకు హార్నెస్, అంటే బండి లాగడానికి ఒంటికి కట్టే పట్టీలు, తొడగడం మామూలే. లాగడం దానికి పెద్దగా నేర్పక్కర్లేదు, పుట్టుకతోనే వస్తుంది. నేర్పాల్సింది పక్కవాటితో కలిసి లాగడం. అందుకు రెండు దారులున్నాయి. పిల్లలన్నిటినీ ఒక జట్టుగా కట్టి ముందు ఒక పెద్ద కుక్కను లీడర్‌గా పెట్టడం ఒకటి, ఆరితేరిన జట్టులో ఒకటి రెండు పిల్లలను కలపడం ఇంకొకటి.

పిల్లల జట్టులో సుఖం ఏమిటంటే, వేగం వాటి కాళ్లకు తగ్గట్టే ఉంటుంది. చిక్కంతా ఆగినప్పుడే. ఒకటి వెనక్కి తిరుగుతుంది, ఇంకోటి పక్కదాని మీదికెక్కుతుంది, మూడోది తాడు కొరుకుతుంది. నిమిషంలో తాళ్లన్నీ చిక్కుపడిపోతాయి. కాలికి తాడు చుట్టుకుని బెదిరిన పిల్ల మర్నాడు హార్నెస్ చూస్తేనే జంకుతుంది. విప్పడానికి రెండో మనిషి లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

పెద్దదాని పక్కన కట్టిన పిల్లను చూడండి. మొదట్లో మాటిమాటికీ వెనక్కి చూస్తుంది, హార్నెస్‌ను బండి లాగే తాడుకు కలిపే టగ్ లైన్ వదులుగా ఊగుతుంటుంది. పక్కది మాత్రం తల వంచుకుని లాగుతూనే ఉంటుంది. కాసేపటికి పిల్ల అడుగు దాని అడుగుతో కలుస్తుంది, తాడు బిగుస్తుంది. మనం ఎంత అరిచినా ఆ పాఠం రాదు. 'జీ' అంటే కుడి, 'హా' అంటే ఎడమ అన్నది కూడా జట్టుతో పాటు తిరిగే అలవాటవుతుంది.

ఇక్కడ భయం వేగమే. జట్టు దూకుడుగా పోతే మెడ తాడు పిల్లను ఈడ్చేస్తుంది. ఇంకా ఎదుగుతున్న ఎముకలకు అది చేటు. అందుకే పందేలు మానేసిన ముసలి కుక్కలే మంచి గురువులు. పిల్లను జట్టు మధ్యలో కట్టాలి. స్లెడ్‌ను ఆనుకుని ఉండే వీల్ స్థానంలో కుదుపులన్నీ దానికే తగులుతాయి.

1925లో అలాస్కాలోని నోమ్‌కు డిఫ్తీరియా మందు చేర్చిన పరుగులో పేరు తెచ్చుకున్న టోగో, ఎనిమిది నెలల వయసులో హార్నెస్ తొడిగిన మొదటి రోజే లీడర్ పక్కకు చేరిందంటారు. అలాంటి కుక్క ఎక్కడో గాని పుట్టదు, మన పిల్లలను దానితో కొలవొద్దు.

నా ఓటు పెద్దవాటి పక్కన కట్టడానికే. నెమ్మదైన పెద్ద కుక్కలు లేకపోతే మాత్రం, మంచు పడకముందే పిల్లల జట్టును నాలుగు చక్రాల చిన్న మోటారు బండికి (ఏటీవీ) కట్టండి. దాని బరువు, బ్రేకు వాటి దూకుడును ఆపుతాయి. ఏ పద్ధతైనా మొదటి పరుగులు రెండు మూడు కిలోమీటర్లు దాటనివ్వొద్దు. పిల్లలు ఇంకా పోదామని గోల చేస్తుండగానే హార్నెస్ విప్పేయండి.