బి.ప్లానింగా, ఎం.ప్లానింగా?

నగర ప్రణాళిక చదవాలంటే రెండు దారులు. ఇంటర్ కాగానే నాలుగేళ్ల బి.ప్లానింగ్, లేదా సివిల్, ఆర్కిటెక్చర్, జాగ్రఫీ లాంటిదేదైనా చదివాక రెండేళ్ల ఎం.ప్లానింగ్.

1909లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం ఈ చదువు మొదలుపెట్టినప్పుడు దృష్టంతా ఊరి రూపురేఖల మీదే. ఇప్పుడు నీళ్లు, బస్సులు, బస్తీల్లో ఇళ్లు కూడా ఇందులోవే. నీళ్లు ఈ చదువులోకి ఎందుకు రావాలో హైదరాబాద్‌ను చూస్తే సూటిగా తెలుస్తుంది. 1908 మూసీ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. అయినా 2020 అక్టోబరులో మళ్లీ కాలనీలు మునిగాయి.

బి.ప్లానింగ్ బలం తీరిక. పాత గ్రామ నక్షాను ఇవాళ్టి ఉపగ్రహ చిత్రం మీద పరిచి, గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని అలుగు (చెరువు నిండాక నీళ్లు పొర్లే చోటు) నుంచి నీళ్లు కిందికి ఎటు వెళ్లేవో వేలితో గీసుకుంటూ పోవాలి. నీళ్లు పోయే ఆ నాలా (కాలువ) ఎక్కడ ప్రహరీ కింద మాయమైందో వెళ్లి చూసి రావాలి. ఈ అలవాటు పద్దెనిమిదేళ్లకే పడితే చాలా మేలు.

ఎం.ప్లానింగ్ బలం తోటివాళ్లు. సివిల్ చదివినవాళ్లు పైపు సైజు లెక్కగడితే, సోషియాలజీ చదివినవాళ్లు ఆ నాలా గట్టు మీది ఇళ్లవాళ్లు ఎక్కడికి పోవాలని అడుగుతారు. నిజంగా ప్లాన్ తయారయ్యేది ఆ వాదనల్లోనే. అయితే రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి, ఫీల్డుకు సమయం చాలదు.

ఉద్యోగాల సంగతంటారా, నోటిఫికేషన్‌లో అర్హతలు చూసుకోండి. ఊరి మీద ఇష్టం ఇప్పటికే ఉన్న పిల్లలను మాత్రం నేను బి.ప్లానింగ్‌కే పంపుతాను.