మనాలి–లేహ్ దారిలో కార్బ్యురేటర్ బండి: ఎక్కడ ఆగాలి, ఏం చేయించాలి

ఈ దారి అందం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాసేది ఇంజిన్ల గురించి. ఒకటి మన బండిది, రెండోది మనం రాత్రి పడుకునే క్యాంపులో నడిచే జనరేటర్‌ది. ఎత్తుకు వెళ్లేకొద్దీ రెండూ పొగ కక్కుతాయి, ఆ పొగ అక్కడ మనకు చేసే హాని కింద కంటే ఎక్కువ. అందుకే బస ఎంచుకునేటప్పుడు వేడినీళ్ల కంటే ముందు జనరేటర్ ఎక్కడుందో చూడాలని నా గట్టి నమ్మకం.

మా గుంపులో నాది పాత కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే పరికరం) బండి, మిగతావి 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బళ్లు, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. తేడా బారాలాచా లా (లా అంటే కనుమ) ఎక్కేటప్పుడే తెలిసిపోయింది. అది దాదాపు 4,890 మీటర్ల ఎత్తు. గాలి పల్చబడినా కార్బ్యురేటర్ అదే లెక్కలో పెట్రోలు తగ్గించలేదు. పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక పాలుకు దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి, బరువు లెక్కన. అంత గాలి అందదు కాబట్టి మిశ్రమం రిచ్ అవుతుంది, అంటే గాలికి తగినదానికంటే పెట్రోలు ఎక్కువవుతుంది. నల్ల పొగ, పికప్ లేకపోవడం, స్లో స్పీడ్‌లో ఆగిపోవడం, ప్లగ్ తీస్తే పొడి మసి, అన్నీ దానివల్లే. సైలెన్సర్‌లో పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్నా ఈ పరిస్థితిలో పెద్దగా ఆదుకోదు, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్‌ని, కాలని పెట్రోలుని కాల్చడానికి దానికీ ఆక్సిజనే కావాలి. కింద తీసుకున్న పొల్యూషన్ సర్టిఫికెట్ జేబులో ఉన్నా అక్కడ బండి వదిలే పొగకు దానితో సంబంధం ఉండదు.

ఇంజెక్షన్ బళ్లు గాలి పీడనాన్ని సెన్సర్‌తో కొలిచి పెట్రోలు తగ్గించుకుంటాయి కాబట్టి పొగ రాదు. కానీ శక్తి మాత్రం వాటికీ పడిపోతుంది. తంగ్‌లాంగ్ లా దగ్గర, 5,328 మీటర్ల ఎత్తులో, గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సగం కంటే కొంచెమే ఎక్కువ, టర్బో (గాలిని ఒత్తి లోపలికి పంపే పరికరం) లేని ఏ ఇంజిన్ అయినా ఆ మేరకు నీరసపడాల్సిందే.

ఇక సర్వీసు సంగతి. మనాలిలో మెకానిక్‌లకు కొదవ లేదు, కానీ చాలామంది ఒకటే సలహా ఇస్తారు, ఎయిర్ ఫిల్టర్ తీసేయండి అని. దయచేసి వినకండి. తీస్తే గాలి కాస్త ఎక్కువ వెళ్తుంది నిజమే, కానీ మోరే మైదానాల్లో లేచే దుమ్మంతా నేరుగా సిలిండర్‌లోకి పోయి పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగిపోతాయి. మేము వెళ్లిన ఒక షాపులో ఫిల్టర్ తీయకుండా బండి ముట్టనన్నాడు, లేచి పక్క షాపుకి పోయాం. అక్కడి పెద్దాయన మాత్రం ప్లగ్ చూసి, మెయిన్ జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం ఉన్న ముక్క) ఒక సైజు చిన్నది వేసి, పెట్రోలు ఇంకాస్త తగ్గేలా అందులోని సూదికుండే నీడిల్ క్లిప్ ఒక గాడి పైకి మార్చాడు, స్లో స్పీడ్ కొద్దిగా పెంచాడు. తీసిన జెట్‌ని కాగితంలో చుట్టి నా చేతికిచ్చి "కింద దిగాక ఇదే వేయాలి" అని రెండుసార్లు చెప్పాడు. అలాంటి మనిషికి ఎంత ఇచ్చినా తక్కువే.

పెట్రోలు టాండిలో నింపుకోవాలి. తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని అక్కడ బోర్డు ఉంటుంది. రిచ్‌గా నడిచే బండి మైలేజీ పడిపోతుంది కాబట్టి ఇంజెక్షన్ బండివాళ్ల లెక్క మనకు సరిపోదు, క్యాన్‌లో కాస్త ఎక్కువే పట్టుకోండి. క్యాన్ అంచుదాకా నింపకండి, పైకి వెళ్లేకొద్దీ ఉబ్బుతుంది.

బసల్లో నాకు బాగా నచ్చింది జిస్పా. భాగా నది పక్కన, సుమారు 3,200 మీటర్ల ఎత్తు, నిద్ర బాగా పడుతుంది, బండీ పొద్దున్నే సులువుగా స్టార్ట్ అవుతుంది. ఏదైనా సామాను కావాలంటే కేలాంగ్ దగ్గరే. సర్చూ ఎత్తు 4,290 మీటర్ల దాకా. అక్కడ మేము దిగిన క్యాంపులో టెంట్లు శుభ్రంగా ఉన్నాయి, భోజనం వేడిగా పెట్టారు, కానీ జనరేటర్ టెంట్ల వరస మొదట్లోనే ఉంది, గాలి అటునుంచే వీస్తోంది. ఆ చిన్న పెట్రోలు ఇంజిన్‌ కూడా మన బండిలాంటిదే, దానికి జెట్ మార్చినవాళ్లు ఎవరూ ఉండరు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్‌కి చోటు లేకుండా చేస్తుంది, అసలే ఆక్సిజన్ తక్కువున్న చోట అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. పైగా తలనొప్పి, వికారం ఎత్తు వల్ల వచ్చే జబ్బులోనూ ఇలాగే ఉంటాయి, ఏది దేనివల్లో తేల్చుకోలేం. ఓనర్‌ని అడిగితే పాపం ఏమీ అనుకోకుండా చివరి టెంటు ఇచ్చాడు. మీరూ అడగండి, మొహమాటపడకండి. పాంగ్‌లో, 4,600 మీటర్ల దగ్గర, టీ తాగి కదలడమే మంచిది, రాత్రి ఉండమని నేను ఎవరికీ చెప్పను.

లేహ్‌లో సర్వీసు బాగుంది. ఆయిల్ స్టిక్ తీసి వాసన చూడమని అక్కడి కుర్రాడే చెప్పాడు. రిచ్‌గా నడిస్తే కాలని పెట్రోలు రింగులు దాటి ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పల్చబడుతుంది. నాది పెట్రోలు వాసన కొట్టింది, వెంటనే మార్పించాను. ఫిల్టర్ దులిపితే వచ్చిన దుమ్ము చూశాక దాన్ని తీయనివ్వనందుకు ప్రాణం హాయిగా అనిపించింది.

తిరుగుదారి శ్రీనగర్ మీదుగా. జోజి లా దిగి సోనమర్గ్ చేరగానే పాత జెట్ వేయించాను. చిన్న జెట్‌తో అలాగే కిందికి వస్తే మిశ్రమంలో పెట్రోలు తక్కువై ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతుంది, పిస్టన్ కూడా కరగొచ్చు, పొగ రాదు కాబట్టి ముందుగా తెలియదు కూడా. నీడిల్ క్లిప్ కూడా పాత గాడిలోకే వచ్చిందో లేదో దగ్గరుండి చూసుకోండి, చాలామంది జెట్ మార్చి దాన్ని మర్చిపోతారు.